పల్చటిదా, చిక్కటిదా

కళ్ళద్దాల దుకాణంలో పని ముగించుకుని ఇంటికి రాగానే ఆమె ముందుగా చూసేది నాన్న మొహం కాదు, ఆయన కుర్చీ కింద నేల. ఇవాళ ఆయన నీడ మరీ పల్చబడింది. గచ్చు పలకల మధ్య గీతలు దాని కిందనుంచి కనిపిస్తున్నాయి. పక్కవాటాలో టైపిస్టు నీడ కూడా ఇలాగే వెలిసిపోయి వెలిసిపోయి, ఓ రోజు పొద్దున్నే లేకుండా పోయింది. ఆ వారంలోనే ఆయనా పోయాడు.

"చేప చేస్తాను నాన్నా, ఇప్పుడే వస్తా," అని సంచీ పట్టుకుని మళ్ళీ మెట్లు దిగింది.

వైన్ షాపు ఆవిడ అలవాటుగా వాళ్ళు ఎప్పుడూ కొనే సీసా తీసింది. గ్లాసులో పోస్తే అవతలి వేళ్ళు కనిపించేంత లేత ఎరుపు వైన్ అది.

"అది కాదండీ. చిక్కటిది ఇవ్వండి."

"చేపకి పల్చటిదే బాగుంటుందమ్మా. చిక్కటిది నోరంతా పట్టేస్తుంది, చేప రుచే తెలీదు."

"చేప సంగతి కాదండీ. మా నాన్న నీడ..."

ఆవిడ చెయ్యి ఆగింది. "ఎంతదాకా వచ్చింది?"

"నేల కనిపిస్తోంది."

ఆవిడ వెనక అరలోంచి ఇంకో సీసా తెచ్చింది. లోపల సిరా పోసినట్టుంది. "ఇది నీడని చిక్కబరిచే మాట నిజమే. కానీ బలవంతాన తాగితే పట్టదు. ఇష్టంగా తాగాలి."

దారంతా ఆ మాటే బుర్ర తొలిచేసింది. తనకి ఊహ తెలిసినప్పట్నించీ నాన్నకి పల్చటిది తప్ప ఇంకోటి నచ్చలేదు. మార్చి తెద్దామా అని వీధి మలుపులో ఆగింది. మళ్ళీ ఆ గచ్చు గీతలు గుర్తొచ్చి నడక పెంచింది.

చేప వండి పెట్టి గ్లాసు నింపింది. నాన్న ఒక్క గుక్క తాగి మొహం చిట్లించాడు. "ఇదేంటే, కషాయం పోశావు?"

"ఇంకొంచెం నాన్నా. నాకోసం."

కళ్ళు మూసుకుని మింగాడాయన. ఆమె వంగి కుర్చీ కింద చూసింది. గీతలు అలాగే ఉన్నాయి.

"నావల్ల కాదు తల్లీ," అని గ్లాసు ఆమె వైపు జరిపాడు.

ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయామెకి. ఆ గ్లాసెత్తి తనే గటగటా తాగేసింది. తాగి, ఆగిపోయింది. నోట్లో మగ్గిన పళ్ళు, పొగ, తడిమట్టి రుచి. ఇన్నేళ్ళూ నాన్నకి నచ్చిందే తనకీ నచ్చుతుందనుకుంది. మళ్ళీ పోసుకుంది, ఈసారి నెమ్మదిగా.

"బాగుందా?"

"చాలా బాగుంది నాన్నా," అంది, తప్పు చేసినదానిలా.

కిటికీలోంచి ఏటవాలుగా పడుతున్న ఎండలో ఆమె నీడ కాటుకలా నల్లగా గోడదాకా పాకింది. నాన్న దాని వంక కాసేపు చూసి, కుర్చీ ఎత్తుకుని ఆమె పక్కకి వచ్చి కూర్చున్నాడు. ఆయన నీడ వెళ్ళి ఆ నలుపులో కలిసింది.

"ఏంటి నాన్నా?"

"ఏం లేదే. ఇక్కడ హాయిగా ఉంది."

చేప మొత్తం తిన్నాడు. తిని, చెయ్యి కడుక్కోడానికి లేచి వెళ్తుంటే, ఆమె నీడలోంచి భుజం దగ్గర ఓ ముక్క విడిపోయి ఆయన మడమల వెంట వెళ్ళింది. ఆయన నడిచినంత మేరా గచ్చు గీతలు కనిపించలేదు. గోడ మీద, ఆమె భుజం ఉండాల్సిన చోట ఎండ పడుతోంది.

ఆమె అది చూసింది. సీసాలో మిగిలింది గ్లాసులోకి ఒంపుకుంది.