లాల్‌బీ మీద ఒట్టు

గోధుమ మానేసిన కొద్ది రోజులకే ఆదాంకి తల తిరగడం మొదలైంది. తెల్లవారి మంచం దిగి కాలు కింద పెడితే నేల పక్కకు జారిపోయేది. గోడ పట్టుకుంటే గోడ కూడా అతనితో పాటే ఒరిగేది. ఒళ్ళంతా చెమట పట్టి చేతులు వణికేవి. ఎలాగో వీధి మొగదాకా పోయి, చక్కెర వేసిన టీ ఒక గ్లాసు తాగాక అన్నీ మళ్ళీ తమ చోటికి వచ్చేవి.

దిష్టి తగిలిందని కొందరన్నారు. మిరప ఘాటు నెత్తికెక్కిందని కొందరన్నారు. గోధుమ మానేస్తే ఒంట్లో బలం ఎక్కడినుంచి వస్తుందని టీ కొట్టువాడు అడిగాడు. పెళ్ళాం లాల్‌బీ పోయినప్పటి నుంచి ఆదాం అవసరమైన మాటలే మాట్లాడుతున్నాడు. వాటిలోనూ సగం తిట్లే.

అతను పరుపులు కుడతాడు. ఇంటి పక్కన రేకుల షెడ్డు, అందులో దూది ఏకే మిషను. ఒకప్పుడు ఊళ్ళో పెళ్ళిళ్ళ పరుపులన్నీ అతని చేతి మీద తయారైనవే. ఇప్పుడందరూ స్పాంజి పరుపులు కొంటున్నారు. పాత పరుపు విప్పి దూది ఏకించుకునే ముసలాళ్ళు మాత్రమే అతని గడప తొక్కుతున్నారు.

అతనికి ఏళ్ళ తరబడి కడుపు ఆగేది కాదు. తిన్నది ఒంటికి పట్టక మనిషి పుల్లలా అయ్యాడు. చివరికి గుంటూరులో పెద్ద డాక్టరు నోట్లోంచి గొట్టం వేసి చూసి, నీ పేగుకు గోధుమ పడదన్నాడు. చపాతీ, రవ్వ, సేమ్యా, బిస్కెట్టు, ఏదీ ముట్టకూడదు. గోధుమలు ఆడే మరలో ఆడించిన ఏ పిండీ వాడకూడదు. ఊరికి ఉన్నది అంకయ్య పిండిమర ఒక్కటే. జొన్నలు, రాగులు, గోధుమలు, అన్నీ అందులోనే ఒకదాని వెనక ఒకటి ఆడతాయి. అంతటితో ఆ ఇంట్లో రొట్టె మాట లేకుండా పోయింది.

"అన్నం తింటారుగా? ఇంకేం ఇబ్బంది?" అన్నాడు డాక్టరు.

"తింటానండి," అన్నాడు ఆదాం.

మధ్యాహ్నం తింటాడు. రాత్రి సంగతి డాక్టరు అడగలేదు. ఇతను చెప్పలేదు.

షుగరున్న వాళ్ళు రాత్రి పూట అన్నం మాని చపాతీ తినాలనేది ఆ ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతే. లాల్‌బీకి అది చాల్లేదు. మొగుడికి షుగరని తెలిసిన రోజు అతని చెయ్యి లాగి తన నెత్తిన పెట్టుకుంది.

"రాత్రి పూట అన్నం ముట్టనని చెప్పు. ముట్టావంటే నన్ను మట్టిలో పెట్టినట్టే."

"నీకేమన్నా పిచ్చా?"

"పిచ్చే. చెప్పు."

చెప్పాడు. కొబ్బరినూనె రాసిన ఆ తల వెచ్చగా అరచేతికి తగిలింది. ఆనాటి నుంచి పొద్దుగుంకగానే చపాతీ కర్ర చప్పుడు వినపడేది. ముందు మాత్ర చేతిలో పెట్టేది, తర్వాత పళ్ళెం ముందుకు తోసేది. పెళ్ళిళ్ళకు పోయినా చపాతీలు గుడ్డలో చుట్టుకుని వచ్చేది. జనం బిర్యానీ తింటూ నవ్వేవాళ్ళు. ఆమె కూడా నవ్వేది.

పోయిన ఏడాది మిరప కోతల్లో ఆమె వెళ్ళిపోయింది. ఆదాం స్నేహితుడు బుల్లయ్య కల్లంలో రంగు పోయిన తాలుకాయలు ఏరుతూ ఏరుతూ పక్కకు ఒరిగింది. గుండె ఆగిందన్నారు. ఆదాం పరుగెత్తుకుంటూ వెళ్ళేసరికి ఆమె చెంపకు మిరప గింజలు అంటుకుని ఉన్నాయి. అవి మండుతాయేమోనని వాటినే ముందు తుడిచాడు.

ఆ తర్వాత చపాతీలు తనే వత్తుకున్నాడు, వంకరటింకరవే. ఇప్పుడు అవీ పోయాయి. రాత్రికి మిగిలింది గ్లాసుడు మజ్జిగ, దొరికితే ఒక జామకాయ. మాత్ర మాత్రం మానలేదు. అది ఆమె పెట్టిన వేళ. ఒట్టు వేయించుకున్న మనిషే ఒట్టు తియ్యాలి. తీసే మనిషి లేదు.

ఆ పొద్దున బుల్లయ్య పాత పరుపు భుజాన వేసుకుని వచ్చాడు. మిరప రైతు. ఆదాంతో పాటు బడికి పోయి, ఆదాంతో పాటే మానేసినవాడు.

"ఏరా, పరుపు కుడతావా, లేకపోతే నువ్వే పడుకుంటావా అందులో? ఆ మొహం ఏంట్రా?"

"నీ పరుపులో పడుకుంటే నల్లులు నన్ను పొలానికి మోసుకుపోతాయి."

"మోసుకుపోనీ, కూలి మనిషి దొరకట్లేదు."

ఆదాం పరుపు విప్పాడు. మిషను వేసి దూది అందిస్తున్నాడు. ఉన్నట్టుండి షెడ్డు రేకులు కిందికి, నేల పైకి వచ్చాయి. దూది వెంట చెయ్యి కూడా పోతోందని అతనికి తెలుస్తూనే ఉంది. వెనక్కి తీయాలని మాత్రం తోచలేదు. బుల్లయ్య కేకేసి స్విచ్చి మీద పడ్డాడు. చొక్కా చెయ్యి ఇనప పళ్ళలో చిక్కి చిరిగింది. వేళ్ళు దక్కాయి.

ఊరి క్లినిక్కులో నర్సు హెలెన్ వేలు పొడిచి షుగరు చూసింది. చూసి, ముందు గ్లూకోజు నీళ్ళు తాగించింది. అతని చూపు నిలబడ్డాక అడిగింది.

"బాబాయ్, రాత్రి ఏం తిన్నావు?"

"మజ్జిగ తాగాను."

"మాత్ర వేసుకున్నావా?"

"వేసుకున్నా."

"కడుపులో ఏమీ లేకుండా షుగరు మాత్రా? ఇది గోధుమ మానినందుకు కాదు బాబాయ్. తిండి లేకుండా మాత్ర పడి షుగరు కిందికి పోతోంది. ఇట్లాగే ఒకరోజు నిద్రలో పోతే ఎవరికీ తెలియదు కూడా. డాక్టరు గారికి ఇప్పుడే ఫోన్ చేసి మాత్ర సంగతి కనుక్కుంటా. నువ్వు మాత్రం రాత్రికి ఇంత అన్నం తినాలి."

"తినను."

"ఎందుకని?"

"తినను."

బయటికి వచ్చాక బుల్లయ్య ఆగలేకపోయాడు. "ఒరేయ్, చచ్చిన మనిషి మీద ఒట్టేంట్రా?"

"నీ పెళ్ళాం బతికుంది. నీకేం తెలుసు?"

బుల్లయ్య ఇంటికి పోలేదు. తిన్నగా రహమతున్నీసా గుమ్మంలోకి పోయాడు.

రహమతున్నీసా లాల్‌బీకి అక్క. రెండు వీధుల అవతలే ఉంటుంది. లాల్‌బీ శవం మీద పడి, "ఛాతీలో నొప్పి నొప్పి అని ఎన్నిసార్లు అన్నావే తల్లీ," అని ఏడ్చింది ఆమే. ఆ మాట ఆదాం చెవిన పడింది. తెలిసీ ఆమె తనకు చెప్పలేదు. ఆనాటి నుంచి ఆమె ఎదురొస్తే పక్క సందులోకి తిరిగిపోతున్నాడు.

మసీదులో సాయంత్రం నమాజు బాంగు అయిపోగానే ఆమె క్యారేజీ పట్టుకుని వచ్చింది.

"నిన్నెవరు రమ్మన్నారు?"

"ఎవరూ రమ్మన్లేదు."

"అయితే పో వదినా."

ఆమె గడప మీద కూలబడింది. "పోతాలే. మోకాళ్ళు కాస్త ఊపిరి పీల్చుకోనీ."

"నొప్పని తెలిసీ నోరు మూసుకున్నావు."

"మూసుకున్నాను. ఎందుకు మూసుకున్నానో నువ్వు అడగలేదు. అడిగితే ఇంకా తిడతావని నేనూ చెప్పలేదు." ఆమె క్యారేజీ పక్కన పెట్టింది. "నా చెయ్యి లాగి నెత్తిన పెట్టుకుంది ఆదాం. 'మిరపకాయల పని అయిపోగానే ఆస్పత్రికి పోతా. ఈలోపు ఆయనకు చెప్పావంటే నన్ను మట్టిలో పెట్టినట్టే,' అంది. నేను చెప్పలేదు. ఒట్టు తప్పలేదు. దాన్ని మట్టిలో పెట్టాం."

ఆదాం చపాతీ పీట వైపు చూస్తూ ఉండిపోయాడు. అదే చెయ్యి లాగడం. అదే మాట. తన ఒక్కడి చేతే ఒట్టు వేయించుకుందనుకున్నాడు.

"నేను మాట నిలబెట్టి దాన్ని చంపుకున్నాను. నువ్వు మాట నిలబెట్టి నిన్ను చంపుకో. లోకంలో మనంత మాట మీద నిలబడేవాళ్ళు లేరు," అంది రహమతున్నీసా. కొంగుతో ముక్కు తుడుచుకుని క్యారేజీ విప్పింది. అన్నం, దోసకాయ పప్పు. ఆవిరి లేచింది.

ఆదాం లేచి చేతులు కడుక్కుని వచ్చాడు. ముద్ద కలిపాడు. కలిపిన ముద్ద పళ్ళెంలోనే పెట్టి, కుడి అరచెయ్యి ఒకసారి తిప్పి చూసుకున్నాడు. మళ్ళీ ముద్ద తీసి నోట్లో పెట్టుకున్నాడు. ఎదురుగా కూర్చున్న రహమతున్నీసా మొహం తిప్పుకుంది.

తను అన్నం తింటే లాల్‌బీని మట్టిలో పెట్టినట్టే. పెట్టాడు.

పళ్ళెం ఖాళీ అయ్యాక ఆమె అడిగింది. "రేపు తెమ్మంటావా?"

"వద్దు. నేను వండుకుంటా."

"నా మీద కోపం పోదా ఆదాం?"

"క్యారేజీ కడిగి బుల్లయ్యతో పంపిస్తా," అన్నాడు.

ఆమె మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచి వెళ్ళిపోయింది.

తెల్లవారి ఆదాం మంచం దిగి కాలు కింద పెట్టాడు. అలవాటుగా గోడ పట్టుకున్నాడు. గోడ ఒరగలేదు. చెయ్యి తీసేశాడు. చపాతీ పీట, కర్ర, ఆమె మంచం, ఆమె చీరలు మడిచిన ట్రంకు పెట్టె, ఎక్కడివి అక్కడే ఉన్నాయి. ఇంకాసేపు అలాగే నిలబడి, తల తిరుగుతుందేమోనని చూశాడు.

తిరగలేదు.