ముప్పావు అంగుళం

ఇరవై ఆరేళ్లుగా తొమ్మిదో నంబరు స్కూలు బస్సు నడుపుతున్న ఆర్డిస్‌కి రెండే పిచ్చులు. ఒకటి ఆ బస్సు, రెండోది బొంతలు కుట్టడం. రెంటినీ విడివిడిగా ఉంచినన్నాళ్లూ ఉత్తర డకోటాలోని ఆ చిన్న ఊళ్లో ఎవరికీ ఇబ్బంది లేకపోయింది. ఈ ఆగస్టులో రెంటినీ కలిపేసింది.

బస్సుకి వెనక తలుపు, రెండు పక్క కిటికీలు, పైకప్పు మీద రెండు మూతలు ప్రమాదం జరిగితే బయటపడే ద్వారాలు. చీకట్లో లైటు పడగానే దారి ఎక్కడుందో తెలియాలని వాటి చుట్టూ మెరిసే పట్టీ అంటిస్తారు. పాత పట్టీ అంచులు మంచుకి లేచిపోయాయి. మెకానిక్కు కొత్త చుట్ట తెస్తే, "నువ్వు వంకరటింకరగా అంటిస్తావు, ఇలా తే" అని ఆర్డిస్ లాక్కుంది. మూడు రోజులు కూర్చుని మూలలు ఐమూలగా కోసి కలిపింది. అక్కడితో ఆగొచ్చు కదా! అంచు మడవకపోతే పోగులు లేస్తాయని నలభై ఏళ్లుగా చేతికి అలవాటు. పట్టీ అంచుని పావంగుళం లోపలికి మడిచి మరీ అంటించింది.

బడి రేపు తెరుస్తారనగా, స్కూలు బస్సుల తనిఖీకి వచ్చిన పోలీసాయన క్వాలే వెనక తలుపు దగ్గర కొలబద్ద పెట్టాడు. తీసి మళ్లీ పెట్టాడు.

"ఆర్డిస్ గారూ, ఇది ముప్పావు అంగుళమే ఉందండీ. అంగుళానికి తగ్గకూడదు."

"మడిచానండీ, అంచు లేవకుండా."

"పట్టీని మడిచారా?"

"ఎవరైనా మడుస్తారు కదండీ."

"ఎవరూ మడవరండీ," అన్నాడు క్వాలే చాలా మర్యాదగా.

ఆర్డిస్ బస్సెక్కే ఉత్తరపు రోడ్డు పిల్లల్ని నాలుగో నంబరు బస్సులో కలిపేద్దామని స్కూళ్ల సూపరింటెండెంటు స్టెన్‌రూడ్ వసంతకాలం నుంచీ కాచుకుని ఉన్నాడు. తొమ్మిదో నంబరు తనిఖీలో నెగ్గితేనే ఈ ఏడు ఆ దారి ఉంటుందని స్కూలు బోర్డు తేల్చి చెప్పింది. లేదంటే ఆ పదకొండు మంది తెల్లవారుజామున అయిదింటికి లేచి, గంటన్నర బస్సులో కునికిపాట్లు పడాలి. కొత్త పట్టీ సోమవారానికి గానీ రాదు.

"నాలుగింటి దాకా ఇక్కడే మిగతా బస్సులు చూస్తుంటాను," అన్నాడు క్వాలే. అప్పుడు ఒంటిగంటయింది.

బ్యూటీ పార్లరు నడిపే లవాన్‌కి ఫోను వెళ్లింది. పావుగంటలో ఆవిడ జుట్టు ఆరబెట్టే మిషన్లు నాలుగు, బొంతల బృందంలోని ముగ్గురు ఆడవాళ్లు, కుట్లు విప్పే సూదులతో సహా గ్యారేజీలో దిగింది.

"మొగుడి చొక్కా బొత్తాలు ఊడినా పట్టించుకోవు గానీ, బస్సుకి అంచు కుట్టావుటే!" అంది లవాన్.

"కుట్టలేదే, మడిచానంతే."

"ఆహా, అదొక్కటే తక్కువ! కాస్త లేసు కూడా పెట్టకపోయావా?"

పట్టీని వేడి చేసి, మడత కిందికి సూది దూర్చి, చిరగకుండా విప్పి, చదునుగా నొక్కాలి. ఒకరు వేడి పట్టడం, ఒకరు విప్పడం. నవ్వులకి గ్యారేజీ దద్దరిల్లింది. నాలుగింటికి పది నిమిషాలుందనగా క్వాలే వచ్చాడు. ఆయన వెనకే స్టెన్‌రూడ్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

తలుపు, కిటికీలు, ముందు మూత అంగుళానికి అంగుళం సరిపోయాయి. క్వాలే నిచ్చెన మీంచే వెనక మూతకి చేయి అందినంత మేరా కొలిచి, దిగి, సంతకం పెట్టడానికి జేబులోంచి పెన్ను తీశాడు.

టైము చాలక ఆ మూత అవతలి పక్క మడత ఇంకా విప్పలేదు. ఆ సంగతి ఆర్డిస్‌కి తెలుసు, లవాన్‌కి తెలుసు. లవాన్ కళ్లతోనే, నోరు మూసుకోవే అంది. ఆర్డిస్‌కీ మూసుకోవాలనే ఉంది. కానీ చలికాలంలో బస్సు పక్కకి ఒరిగి కాలవలో పడితే పైకప్పు మూతే తలుపవుతుంది. పిల్లలు దాన్నే వెతుక్కుంటారు.

"అవతలి పక్క ఇంకా ముప్పావేనండీ," అంది.

"ఓసి నీ నోరు పడ!" అంది లవాన్ పైకే.

స్టెన్‌రూడ్ గడియారం చూసుకున్నాడు. "నాలుగయింది క్వాలే గారూ. మరి ఇక..."

"మొదలుపెట్టిన తనిఖీ నేను సంతకం పెట్టేదాకా నడుస్తూనే ఉంటుందండీ," అన్నాడు క్వాలే. ఆర్డిస్ వైపు తిరిగాడు. "నేను రిపేరు చెయ్యకూడదు. నిచ్చెన పట్టుకోకూడదని మాత్రం ఎక్కడా రాయలేదు. ఎక్కండి."

అరవై రెండేళ్ల ఆర్డిస్ ఎక్కింది. ఇరవై నిమిషాలకి మడత విప్పి దిగింది. ఈసారి క్వాలే పైకప్పు మీదికే ఎక్కి, మూత చుట్టూ నాలుగు వైపులా కొలిచి, సంతకం పెట్టాడు.

"పర్లేదు," అన్నాడు. ఆ ఊళ్లో అంతకన్నా పెద్ద మెప్పు ఎవరూ ఎరగరు. స్టెన్‌రూడ్ కారెక్కాడు.

మర్నాడు పొద్దున పొద్దుతిరుగుడు చేల మధ్య తొమ్మిదో నంబరు ఒక్కో గేటు దగ్గరా ఆగుతూ వెళ్లింది. పిల్లలు నిద్ర తీరిన మొహాలతో ఎక్కారు. చివరి గేటు దగ్గర, మొదటిసారి బడికి వెళ్తున్న సోల్వైగ్ రెండు చేతులతో కమ్మీ పట్టుకుని మెట్లెక్కింది. ఆర్డిస్ అద్దంలో చూసి లెక్కపెట్టింది. పదకొండు.

"ఏడుస్తున్నావా?" అని అడిగింది సోల్వైగ్.

"జలుబు," అని అబద్ధమాడి, ఆర్డిస్ గేరు వేసింది.