పెదనాన్న కాలు, కారు బ్రేకు

మా పెదనాన్న తన కారు తాళం ఎవరి చేతికీ ఇవ్వడు. టాక్సీ నడపడం మొదలుపెట్టాక కొన్న కారు అదొక్కటే, ఇప్పటికీ దానితోనే బతుకు. పెద్దమ్మ ఓసారి సరదాకి స్టీరింగు ముందు కూర్చుంటే, సీటు జరిపేసిందని చాన్నాళ్ళు సణిగాడు. అలాంటి మనిషి పొద్దున్నే నా గ్యారేజీకొచ్చి, తాళం బల్ల మీద పెట్టి, "బ్రేకులవీ చూసి శుభ్రంగా ఉంచమ్మా. ఎల్లుండి ఒకాయన చూడ్డానికొస్తాడు. అమ్మేస్తున్నా" అన్నాడు.

నా నోరు ఊరుకోదు. "పెద్దమ్మని కూడా బేరం పెట్టావా?" అన్నాను.

నవ్వలేదు. అప్పుడు భయమేసింది నాకు. చేతిలో ఉన్న పానా కింద పెట్టి, స్టూలు లాగి కూర్చోబెట్టాను.

"బ్రేకు మీద పెడితే కాలు వణుకుతోంది తల్లీ," అన్నాడు నేల చూపులు చూస్తూ. "నాన్నకొచ్చిందే నాకూ వచ్చింది."

తాతయ్య సంగతి మా ఇంట్లో తెలియనిదెవరికి? ముందు కాలు వణికింది, తర్వాత చెయ్యి. చివరికి చెంచా నోటిదాకా వెళ్ళేది కాదు. పక్కన కూర్చుని ముద్దముద్దా తినిపించింది పెదనాన్నే. ఆ చెయ్యి అలా అయిపోవడం ఆయన చూసినంత దగ్గరగా ఇంకెవరూ చూడలేదు.

"వణుకు కారుదేమో?" అన్నాను.

"రెండుసార్లు కొత్త డిస్కులు వేయించా. వేయించినప్పుడల్లా కొన్నాళ్ళు బాగుంటుంది, మళ్ళీ మొదలు. నాన్నకీ అంతేగా, తగ్గినట్టే ఉండి తిరగబెట్టేది."

నాకు చిర్రెత్తుకొచ్చింది. ఇంట్లో మెకానిక్కుని పెట్టుకుని ఊరి మీద పడ్డాడు! "నా దగ్గరికి రావడానికి ఏమడ్డమొచ్చింది?"

"నువ్వైతే కారు వదిలేసి నా కాలు చూస్తావని."

ఇంక నేనేం తిట్టను? తాళం తీసుకుని కారు బయటికి తీశాను. పెదనాన్న పక్క సీట్లో కూర్చున్నాడు, పరాయి కారెక్కినవాడిలా ఒళ్ళో చేతులు పెట్టుకుని. వీధి చివర బ్రేకు తొక్కానో లేదో, పెడలు నా అరికాలిని తిరిగి తన్నింది. ఆగకుండా, టపటపా, కింద ఎవరో పిల్లాడు మారాం చేస్తున్నట్టు.

"నా కాలూ వణికింది. నాకూ తాతయ్య జబ్బేనంటావా?"

"నా మనసు కష్టపెట్టలేక అంటున్నావు," అన్నాడు.

చెప్పి చెప్పి నా నోరు నొప్పెట్టిందే తప్ప ఆయన నమ్మలేదు. సరే, కళ్ళతోనే చూడనీ అనుకున్నాను. కారుని జాకీ మీద లేపి ముందు చక్రం విప్పి, డిస్కు కదలకుండా నట్లు మళ్ళీ బిగించాను. బ్రేకు తొక్కితే ప్యాడ్లు రెండు పక్కలా పట్టుకునేది ఈ ఇనుప పళ్ళేన్నే. మెరుస్తోంది. పెదనాన్న దాని మీద వేలు రాసి, "అద్దంలా ఉంది. ఇందులో ఏముంది?" అన్నాడు.

డయల్ గేజి తెచ్చాను. చూడ్డానికి చిన్న గడియారంలా ఉంటుంది, ఒకటే ముల్లు. కింద సన్నటి పుల్ల ఉంటుంది, దాన్ని దేనికి ఆనిస్తే దాని కదలిక ముల్లు మీద కనిపిస్తుంది. అయస్కాంతం దిమ్మె మీద నిలబెట్టి, పుల్లని డిస్కు పక్క మీద, అంచు దగ్గర ఆనించాను.

"ఒక్కో గీత మిల్లీమీటర్లో నూరో వంతు," అన్నాను. "తల వెంట్రుక మందం ఏడు గీతలుంటుంది. నీకుంటే కొలిచి చూపించేదాన్ని."

బట్టతల తడుముకున్నాడు గానీ, చూపు ముల్లు మీద నుంచి కదల్లేదు. నేను డిస్కుని మెల్లగా తిప్పాను. ముల్లు లేచింది. రెండు, ఐదు, తొమ్మిది, పన్నెండు గీతల దాకా ఎక్కి, ఒక్క క్షణం నిలబడి, ఎక్కినంత నెమ్మదిగా దిగి మొదటికొచ్చింది.

"నువ్వేదో కదిపావు."

"నువ్వే తిప్పు."

తిప్పాడు. మళ్ళీ అదే చోట ఎక్కింది, అదే చోట దిగింది. వెనక్కి తిప్పాడు, అప్పుడూ అంతే. కంటికి అద్దంలా ఉన్నది కాస్తా కళ్ళ ముందే ఊగుతోంది. ఈ పని నాకు కొత్త కాదు, అయినా ఆ ముల్లు లేచినప్పుడల్లా నాకూ ఒళ్ళు జలదరిస్తుంది.

ఊగుడు డిస్కుదా, అది ఆనుకునే హబ్‌దా తేలాలి. లోపలి బేరింగు వదులైందేమోనని లాగి చూశాను, గట్టిగానే ఉంది. ఎత్తున్న చోట డిస్కు మీదా హబ్ మీదా సుద్దతో గుర్తు పెట్టి, డిస్కు ఊడదీసి సగం చుట్టు తిప్పి బిగించాను. తప్పు డిస్కుదైతే ఎత్తు దానితోపాటే జరగాలి. జరగలేదు. హబ్ మీద గుర్తు దగ్గరే ఉండిపోయింది.

మళ్ళీ ఊడదీసి లైటు పట్టాను. బోల్టు మొదట్లో హబ్‌కి అంటుకుపోయి ఒక తుప్పు పెచ్చు. ఆవగింజని చిదిమితే ఎంత, అంత.

"ఇదీ నీ జబ్బు," అన్నాను. "కొత్త డిస్కు తెచ్చి దీని మీదే బిగించారు, రెండుసార్లూ. డిస్కు ఓరగా కూర్చుంది. నువ్వు బ్రేకు తొక్కకపోయినా చుట్టు చుట్టుకీ ప్యాడ్‌కి రాసుకుని, ఒకచోట అరిగి పల్చబడింది. అరిగేదాకా బాగుంటుంది. అరిగాక పెడలు తంతుంది."

పెదనాన్న వంగి, ఆ పెచ్చుని చాలాసేపు చూశాడు. టన్ను బరువున్న కారుని వణికించింది అదే. ఆయనకి కంటి మీద కునుకు లేకుండా చేసిందీ అదే. దాన్ని బూటు అట్టలోంచి కనిపెట్టిన ఆ కాలుని తలుచుకుంటే నాకు ఇంకా ఆశ్చర్యమేసింది. నా గేజి చెప్పిందే ఆ కాలు ఎప్పట్నుంచో చెబుతోంది, ఆయనే దాన్ని అనుమానించాడు.

పెచ్చు గీకి, హబ్‌ని గరుకు కాగితంతో రుద్దాను. గేజి పుల్లని దానికి ఆనించి తిప్పితే ముల్లు కదలనే లేదు. రెండో పక్క చక్రం బాగానే ఉంది. డిస్కులింకా మందంగానే ఉన్నాయి కాబట్టి రెండింటినీ లేతు మిషను మీద పల్చగా చెక్కి సమం చేశాను. నట్లు ఒకదానికెదురు ఒకటి బిగించి మళ్ళీ తిప్పితే, ముల్లు రెండు గీతలు దాటలేదు.

ఈసారి ఆయనే నడిపాడు. వీధి చివర బ్రేకు తొక్కితే కారు కిమ్మనకుండా ఆగింది. కదిలి మళ్ళీ తొక్కాడు. అవసరం లేని చోట ఇంకోసారి తొక్కాడు. వెనకొస్తున్న మోటారు సైకిలాయన తిట్టిపోశాడు. నాకు నవ్వాగలేదు, పెదనాన్న మాత్రం నవ్వలేదు.

గ్యారేజీకి తిరిగొచ్చాక, "కారు సరే. నా సంగతేంటి?" అన్నాడు. నేను వారించేలోపే గేజి దిమ్మెని బల్ల ఇనుప కాలికి అతికించి, స్టూలు మీద కూర్చుని కాలు మీద కాలేసుకుని, పుల్లని తన బూటు కొసకి ఆనించాడు.

ముల్లు ఎగిరింది. ఎగిరి దిగింది, మళ్ళీ ఎగిరింది.

ఆయన మొహం పాలిపోయింది. "చూశావా," అన్నాడు, అంతే. నాకూ గుండె జారిపోయింది, అబద్ధమెందుకు. ముల్లునే చూస్తూ ఉండిపోయాను. చూస్తూ ఉండగా తెలిసింది, అది అడ్డదిడ్డంగా లేదు. లేస్తోంది, ఆగుతోంది, లేస్తోంది. గబుక్కున ఆయన మణికట్టు పట్టుకున్నాను. నా వేలి కింద దెబ్బ పడ్డప్పుడల్లా అక్కడ ముల్లు లేస్తోంది.

"ఇది వణుకు కాదు పెదనాన్నా. నీ గుండె."

ఆయన నమ్మితే కదా! ఆయన్ని లేపి నేను కూర్చుని, కాలు మీద కాలేసి ఆనించాను. నాకూ ఎగిరింది, ఆయనకన్నా జోరుగా. నా మణికట్టు ఆయన చేతికిచ్చాను. పట్టుకుని, ముల్లు వైపూ నా వైపూ మార్చి మార్చి చూశాడు.

"అందరికీ ఇంతేనా?"

"బతికున్నవాళ్ళందరికీ."

మళ్ళీ తను కూర్చున్నాడు. కాలు ఆనించుకుని, తన మణికట్టు తనే పట్టుకుని, ఊపిరి బిగబట్టి చూశాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోలేదు. బయట ఎవరో హారను కొడుతున్నారు, నాకు వెళ్ళబుద్ధి కాలేదు.

"గేజి తీసెయ్యనా?" అన్నాను కాసేపయ్యాక.

"ఉండనీవే," అన్నాడు పెదనాన్న. "ఇంకాసేపు చూస్తా."