రెండే సీట్లు

మా ఆయనకి కాదని చెప్పడం రాదు. కళ్ళజోళ్ళ షాపు నడిపే మనిషి. ఎదుటివాడిని కుర్చీలో కూర్చోబెట్టి, కంటి ముందు ఒక అద్దం వేసి, తీసి, ఇంకోటి వేసి, "ఇందాకటిది బాగుందా, ఇప్పటిది బాగుందా?" అని రోజంతా అడుగుతూ ఉంటారు. వాళ్ళు ఏది బాగుందంటే అదే ఖాయం. ఆ అలవాటు ఇంటికి కూడా వచ్చేసింది. నేనేమో కర్టెన్ల షాపులో కుట్టుపని చేస్తాను. గుడ్డ చాలకపోతే చాలదని మొహం మీదే చెప్పేస్తాను. ఇలాంటి ఇద్దరికీ పెళ్ళి కుదిర్చిన మహానుభావుడెవరో గానీ, మళ్ళీ మా గుమ్మం తొక్కలేదు.

పెళ్ళయిన కొత్తలో మా ఇంట్లో రెండు గదులు, ఒక హాలు, వెనకాల రేకుల షెడ్డు. ఒక గది మా అత్తగారిది, హాలు మా మరిదిది. మా గదికీ అత్తగారి గదికీ మధ్య ఉన్నది గోడ అనుకునేదాన్ని. ఒకరోజు నేను ఆయన చెవిలో, "రేపు సాయంత్రం మనిద్దరం అలా బయటికి వెళదామా?" అన్నాను. "ఆరింటికైతే నేనూ వస్తానురా" అంది గోడ. ఆయన వెంటనే "అలాగేనమ్మా" అన్నారు. వెళ్ళాం, నలుగురం. అప్పుడు మాకో బూడిదరంగు డబ్బా కారు ఉండేది. నాలుగు తలుపులు, ఐదు సీట్లు. అది ఏ రోజూ ఖాళీగా కదిలిన పాపాన పోలేదు.

అలాంటి రోజుల్లో ఆయనకి ఇంకో పాత కారు దొరికింది. షాపుకొచ్చే ఒక పెద్ద డాక్టరుగారికి చూపు బాగా తగ్గిపోయింది. ఇక కారు నడపకూడదన్న ఒక్క మాట చెప్పడానికి మా ఆయనకి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ ఆయన నీళ్ళు నమలడం చూసి చూసి, డాక్టరుగారే విషయం గ్రహించి తాళంచెవి బల్ల మీద పెట్టేశారు. "నువ్వే తీసుకుపో. నీ కళ్ళు బాగున్నాయిగా" అన్నారు.

తాడు కట్టి లాక్కొచ్చారు దాన్ని. ఎప్పుడో ఎర్రరంగు. నా నడుము ఎత్తు కూడా లేదు. పొడుగాటి ముక్కు, రెండు తలుపులు, రెండు సీట్లు. అడుగు రేకు తుప్పు పట్టి, చిల్లుల్లోంచి గడ్డి పైకొచ్చింది. ఇంజిన్ బిగుసుకుపోయింది. ఎయిర్ ఫిల్టర్‌లో ఎలుకలు కాపురం పెట్టాయి. మా అత్తగారు చుట్టూ తిరిగి చూసి, "ఇది కారట్రా, పాత చెప్పు అనుకున్నాను" అన్నారు.

అందరూ లోపలికి వెళ్ళాక ఆయన నన్ను షెడ్డులోకి పిలిచారు. "చూశావా? రెండే సీట్లు. మూడోవాళ్ళు వస్తామన్నా చోటుండదు. కాదని నేను చెప్పక్కర్లేదు, ఆ మాటేదో కారే చెబుతుంది" అన్నారు. ఆ మాటకి నాకు ఎంత సంతోషం వేసిందంటే, గ్రీజు మరకలు కూడా చూసుకోకుండా ఆయన్ని పట్టేసుకున్నాను. నాకు కావలసింది పెద్ద కోరికేం కాదు. ఊరి బయట కొండ చుట్టూ తిరిగే రోడ్డు ఒకటుంది. ఆ రోడ్డు మీద ఒక్కసారి, మేమిద్దరమే, గట్టిగా మాట్లాడుకుంటూ వెళ్ళి రావాలి. గట్టిగా అన్నది ముఖ్యం.

"ఆరు నెలల్లో అయిపోతుంది" అన్నారాయన. పద్నాలుగేళ్ళు పట్టింది.

మొదటి మూడేళ్ళూ న్యాయంగానే నడిచింది. షాపుకి సెలవు ఆదివారం కాబట్టి పొద్దున్న తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా షెడ్డులో ఉండేవాళ్ళం. ఇంజిన్‌లో డీజిల్ పోసి, పిస్టన్లు కరుణించేదాకా నెలన్నర ఎదురుచూశాం. తర్వాత గొలుసు కప్పీ వేసి దాన్ని పైకెత్తాం. ఊడదీసిన ప్రతి మరనీ ఆయన కళ్ళజోడు డబ్బాలో పెట్టి, మీద నంబరు రాసేవారు. కార్బురేటర్లు నేను టూత్‌బ్రష్షుతో తోమాను. సీట్ల తోలు పుచ్చిపోయింది. పాత కుట్లు ఒక్కొక్కటీ విప్పి, ఆ ముక్కలే కొలతకి పెట్టుకుని కొత్తవి కత్తిరించాను. పెట్రోలు వాసనకి తలనొప్పి అని అత్తగారు అటు రారు. చొక్కా పాడవుతుందని మరిది రాడు. మేం పోట్లాడుకున్నది అక్కడే, రాజీపడ్డదీ అక్కడే. నెల తప్పిందని నేను మొట్టమొదట చెప్పింది కూడా కారు కిందనుంచి బయటికున్న ఆయన కాళ్ళకే. ఆ కాళ్ళు రెండూ ఒక్క క్షణం కదలడం మానేశాయి. తర్వాత లోపల్నుంచి స్పానరు కిందపడిన చప్పుడు, ఆయన నుదురు ఇనుముకి తగిలిన చప్పుడు వినిపించాయి.

అమ్మాయి పుట్టింది. పుట్టిన మూడో నెల్లో ఆయన సీట్ల వెనక టేపు పట్టి కొలుస్తూ కనిపించారు.

"పాపకి చోటు వద్దూ?" అన్నారు.

కన్నతల్లిని, వద్దని ఎలా అంటాను? పెట్రోలు ట్యాంకు వెనక్కి జరిగింది. ఆ ఖాళీలో బుల్లి సీటు వచ్చింది. దానికి తోలు కుట్టింది నేనే. నా గొయ్యి నేనే తవ్వుకున్నానని అప్పటికి తెలియలేదు.

మూడో సీటు పుట్టిందని వినగానే మా అత్తగారు తలనొప్పి సంగతి మరిచిపోయి, ముక్కుకి గుడ్డ అడ్డం పెట్టుకుని షెడ్డుకి వచ్చారు. ఒకసారి కూర్చుని చూస్తానన్నారు. కూర్చోవడం బాగానే కూర్చున్నారు. లేవలేకపోయారు. మోకాళ్ళు గడ్డం దాకా వచ్చేశాయి. నేనొక చెయ్యి, ఆయనొక చెయ్యి పట్టుకుని, బావిలోంచి చేద లాగినట్టు లాగాం. బయటపడ్డాక ఆవిడ మోకాళ్ళు రుద్దుకుంటూ, "పోనీలేరా, నేను పోయాక ఎక్కండి" అన్నారు.

అయిపోయింది. ఆ మరుసటి ఆదివారమే ఆయన తల్లిని కుర్చీలో కూర్చోబెట్టి, నేల నుంచి మోకాలిదాకా, నడుము నుంచి తలదాకా కొలతలు తీసుకున్నారు, కళ్ళజోడుకి ముక్కు కొలిచినంత శ్రద్ధగా. సీటు జానెడు లేచింది. సీటు లేచేసరికి ఆవిడ తల టాపుకి తగిలింది. టాపు కోసి, నాలుగు వేళ్ళ ఎత్తు రేకు అతికి, వెల్డింగ్ చేయించారు. గతుకుల్లో నడుం పట్టేస్తుందేమోనని స్ప్రింగులు మార్చి మెత్తటివి వేశారు. ఎక్కడానికి అనువుగా పెద్ద టైర్లు వేశారు. నేల మీద పాకే పిల్లి లాంటి కారు కాస్తా ముక్కాలిపీట మీద నిలబడింది.

"అన్నయ్యా, టాపు ఎలాగూ కోశావు కదా, పన్లో పని ఇంకో రెండంగుళాలు పెంచు" అన్నాడు మా మరిది. ఆరడుగుల మనిషి. వాడి కాళ్ళ కోసం బుల్లి సీటు వెడల్పయి రెండు సీట్లయింది. ఇంజిన్ మొదటిసారి స్టార్టయిన రోజు, దాని గొంతు విని నా ఒళ్ళు జలదరించింది. పక్కింటి సంగీతం మాస్టారు గోడ మీదనుంచి తల పెట్టి, "మీ బండి శ్రుతిలో లేదండీ, పిల్లలు పాఠం తప్పుతున్నారు" అన్నారు. ఆ వారమే రెండు సైలెన్సర్లు వచ్చాయి. ఇంజిన్ జలుబు చేసినవాడిలా మూలగడం మొదలుపెట్టింది. ఎరుపు చూస్తే కళ్ళు మండుతాయని అత్తగారన్నారు. కళ్ళ విషయంలో మా ఆయన ఎవరిమాటా తీసిపారెయ్యరు. అందరినీ అడిగి, రంగు ముక్కలు చూపించి, ఇది బాగుందా అది బాగుందా అని నెలరోజులు వేధించి, చివరికి ఎవరి కంటికీ ఇబ్బంది లేని రంగు తేల్చారు. బూడిదరంగు.

నేను ఊరుకోలేదు. ఆ షెడ్డులోనే, ఆయన మొహం మీదే అడిగాను. "ఇది ఎవరి కారండీ?"

"అందరిదీ" అన్నారు, తలుపు మడతబందుకి నూనె వేస్తూ.

"మనిద్దరికని కదా తెచ్చారు?"

"అవుననుకో. కానీ పెట్టుకునేవాళ్ళ ముక్కుకి సరిపోకపోతే అది కళ్ళజోడెలా అవుతుంది చెప్పు?"

"ఎన్ని ముక్కులకండీ ఒకటే కళ్ళజోడు?"

ఆయన నవ్వి, నూనె డబ్బా నా చేతికిచ్చారు. గోడకి చెప్పినా కాస్త నయం, మా ఇంట్లో గోడ జవాబైనా ఇస్తుంది. అలా వారం వారం తగువు వేసుకుంటూ, వారం వారం తోలు కుడుతూ పద్నాలుగేళ్ళు గడిపేశాను.

కారు పూర్తయింది. ఆదివారం పొద్దున్న షెడ్డులోంచి బయటికి తీశారు. అత్తగారు ముందు సీట్లో, హాయిగా, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా కూర్చున్నారు. వెనక మా మరిది, వాడి పక్కన పదకొండేళ్ళ మా అమ్మాయి. నాలుగు సీట్లూ నిండిపోయాయి. ఆయన స్టీరింగు పట్టుకుని, లోపలంతా ఒకసారి లెక్కపెట్టుకున్నట్టు చూసి, తర్వాత బయట నిలబడ్డ నన్ను చూశారు. ఆ మొహం చూస్తే నాకు కోపం కూడా సరిగ్గా రాలేదు. పద్నాలుగేళ్ళు అందరి కొలతలూ తీసిన మనిషి నా కొలత తీయడం మరిచిపోయారు.

"నువ్వు..." అన్నారు.

"మీరు వెళ్ళిరండి. నాకు పనుంది" అన్నాను.

వీధి చివర మలుపు తిరిగేదాకా చూశాను. సంగీతం మాస్టారు బయటికొచ్చి, "మీ పాత కారుకి మళ్ళీ రంగు వేయించారా? బాగుందండీ" అన్నారు. ఆయన్ని అనడానికేముంది, ఆయన కళ్ళలో ఏ లోపమూ లేదు.

తలుపు వేద్దామని షెడ్డులోకి వెళ్ళాను. మధ్యలో అంత ఖాళీ నేనెప్పుడూ చూడలేదు. నేల మీద నూనె మరక, అటొక స్టూలు, ఇటొక స్టూలు. నా స్టూలు మీద కూర్చోగానే ఏడుపొచ్చింది. ఒక్క పూట మేమిద్దరమే ఉంటే చాలని పద్నాలుగేళ్ళు పళ్ళు నూరుకున్నాను. ఆ పద్నాలుగేళ్ళూ ప్రతి ఆదివారం, తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా, ఈ రేకుల కింద మేమిద్దరమే ఉన్నాం. గట్టిగానే మాట్లాడుకున్నాం. నాలాంటి మొద్దు ఇంకెక్కడైనా ఉంటుందా?

వాళ్ళు తిరిగొచ్చారు. "కుదుపన్నది లేదే అమ్మాయ్, అచ్చం మన పాత కారే!" అని మా అత్తగారు మెచ్చుకున్నారు. ఇకనుంచి ఆదివారం వస్తే చాలు, పొద్దున్నే అందరం అలా తిరిగొద్దామన్నారు. "వదినా, నువ్వూ సర్దుకుని కూర్చోవచ్చు" అన్నాడు మరిది. మా ఆయన "అలాగే" అన్నారు.

ఆ వారంలో ఒకరోజు, వంటింట్లో కప్పులు కడుగుతూ ఆయనతో అన్నాను. కోపంతో కాదు, ఉన్నమాటే చెప్పాను.

"ఏవండీ, మన ఆదివారాలు పోయాయండీ."

ఆయన తుడుస్తున్న కప్పు తుడుస్తూనే ఉండిపోయారు.

ఆదివారం తొమ్మిదయ్యేసరికి అత్తగారు చేతిసంచీతో మెట్ల మీద తయారు. అమ్మాయి, మరిది ముందు సీటు కోసం వాదించుకుంటున్నారు. ఎంతసేపటికీ కారు బయటికి రాలేదు. నేను వెళ్ళి చూశాను. ఇంజిన్ నడుస్తోంది. ఆయన బానెట్ ఎత్తి, రెండు చేతులూ దాని అంచున పెట్టి నిలబడ్డారు. నన్ను చూసి తల దించుకున్నారు. చెవులు ఎర్రబడ్డాయి. నా వెనకే మిగతావాళ్ళూ వచ్చారు.

"ఏమైందిరా?" అన్నారు అత్తగారు.

"ఏదో... చప్పుడు వస్తోందమ్మా. ఇవాళ... ఇవాళ కుదరదు."

కుదరదు. ఆ మాట ఆయన నోట రావడం నేనెప్పుడూ వినలేదు. చెమటలు పట్టేశాయి ఆయనకి. మరిది చెవి ఒగ్గి విని, "నాకేం వినిపించట్లేదే" అన్నాడు. అత్తగారు, అమ్మాయి నా వంక చూశారు. ఆ ఇంజిన్ సంగతి ఆయన తర్వాత తెలిసింది నాకేనని వాళ్ళకి తెలుసు.

నేను దగ్గరికి వెళ్ళి, బానెట్ మీదకి వంగి, కళ్ళు మూసుకుని విన్నాను. పద్నాలుగేళ్ళు చేత్తో తోమి, తుడిచి, బిగించిన ఇంజిన్. ప్రతి మరా దాని చోట అది ఉంది. గడియారం లాగా నడుస్తోంది.

"గేర్‌బాక్సు" అన్నాను. "మొత్తం దింపాలి."

"అయ్యో! ఎన్నాళ్ళు పడుతుందే?" అన్నారు అత్తగారు.

"చెప్పలేమత్తయ్యా. మొదలుపెడితే గానీ తెలియదు" అని, ఇంజిన్ ఆపేసి, స్పానర్ల పెట్టె ఆయన ముందుకి జరిపాను.