లాజరు అరచెయ్యి

మోటారు బస్సులు తిరగడం మొదలయ్యాక ఆత్మకూరు చుట్టుపక్కల గుర్రాలన్నీ ఒక్కొక్కటే అమ్ముడుపోయాయి. మిగిలింది ఓబుళరెడ్డి గుర్రం ఒక్కటే. జీనులు కుట్టి బాగుచేసే లాజరుకు అదే దిక్కు. ఇప్పుడు దాని వీపు మీద గుప్పెడంత పుండు లేచింది. తప్పు జీనుదని తేలితే ఆ వాకిలీ మూసుకుపోతుంది, ఇంట్లో గంజి కూడా ఉండదు.

లాజరు పనితనమంతా అరచేతిలోనే ఉండేది. జీను కింది మెత్తలో గొర్రెబొచ్చు కూరి, ఒక్కసారి చెయ్యి పారాడిస్తే ఆవగింజంత గడ్డయినా దొరికిపోయేది. పాడు కాలం, రెండేళ్లుగా ఆ చేతులు మొద్దుబారుతూ వచ్చాయి. కాగే కుండ పట్టుకున్నా తెలియడం లేదు. అదేం జబ్బో భార్య కృపమణికి తెలుసు, అతనికీ తెలుసు. ప్రార్థనలో కూడా ఇద్దరూ దాని పేరెత్తలేదు.

రెడ్డి వాకిట్లో జీను తిరగేసి పెట్టారు.

"చూడరా లాజరూ. తప్పు నీ పనిలో ఉండాదా, గుర్రాన్ని సాకే ఈ హనుమన్నలో ఉండాదా?" అన్నాడు రెడ్డి.

 లాజరు మునుపటి పనివాడిలాగే కళ్లు మూసుకుని, మెత్త మీద అరచెయ్యి గట్టిగా అదిమి, ఆ చివరిదాకా లాగాడు. ఏమీ తెలియలేదు. చెక్కముక్కకు ఏం తెలుస్తుంది?

"మెత్త శుద్ధంగా ఉండాది రెడ్డీ. చెమట ఆరకముందే జీను ఏస్తాండాడేమో, ఈయప్పనే అడుగు."

ఆ మాట అనడానికి నోరెలా వచ్చిందో! పోయిన కరువులో తన జొన్నల్లో సగం లాజరు ఇంటికి పంచిపెట్టిన మనిషి హనుమన్న.

హనుమన్న తిట్టలేదు. లాజరు చేతివైపే చూస్తున్నాడు.

"లాజరప్పా, నీ చెయ్యి సూసుకో."

మెత్త పొడుగునా ఎర్రటి గీత. బొచ్చులో ఏరకుండా మిగిలిన పల్లేరుముల్లు గుడ్డను పొడుచుకుని పైకి వచ్చి, అరచేతిని కోసేసింది. నెత్తురు మణికట్టు మీదుగా కారుతోంది. లాజరు మొహంలో నొప్పి అన్నది లేదు.

రెడ్డి చటుక్కున అరుగెక్కాడు.

"ఎన్నాళ్లనించిరా ఈ రోగం? జీను కాల్చేయండి. ఇంగ ఈ వాకిట్లో అడుగుపెట్టొద్దు."

లాజరుకు భూమిలోకి పోవాలనిపించింది. హనుమన్న తన పైపంచె అంచు చింపి, కట్టు కడదామని రెండడుగులు వేశాడు. మూడో అడుగు పడలేదు. గుడ్డను నేల మీద పెట్టి, వెనక్కి జరిగి నిలబడ్డాడు.