ఇంటిపాము

కార్డు అంచున వరసగా ఉన్న బంగారు రంగు పళ్ళను పెన్సిలు రబ్బరుతో రుద్ది, రాలిన పొట్టును ఉఫ్‌మని ఊది, పాములాయన దాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. ఒక పన్ను మీద ఇంకా మరక కనిపించింది. మళ్ళీ రుద్దాడు.

పాత కంప్యూటర్లలో పాట వినపడాలంటే ఈ సౌండ్ కార్డు ఉండాల్సిందే. ఆ రోజుల్లో ఆటల్లో పాటను రికార్డు చేసి పెట్టేవారు కాదు. ఏ స్వరం ఎప్పుడు పలకాలో మాత్రం రాసిపెట్టేవారు, పాడే పని కార్డుది. కార్డు మారితే పాట అదే అయినా గొంతు మారిపోతుంది. చిన్నప్పుడు విన్న గొంతే కావాలని పట్టుబట్టేవాళ్ళు, అటక మీది మెషిన్లను దించి మోసుకుంటూ ఈ సందులోకి వస్తారు.

ఇవాళ బల్ల మీద ఉన్నది ఒక నర్సమ్మది. అన్నాచెల్లెళ్ళు కొట్టుకుని మరీ ఆడుకున్న ఆట ఒకటి అందులో ఉంది. అన్నయ్య పుట్టినరోజుకు, అతనికి చెప్పకుండా దాన్ని మోగించాలని ఆమె కోరిక.

ఆయన కార్డు మీది చిన్న ప్లాస్టిక్ టోపీలను ఒక జత సూదుల మీంచి తీసి పక్క జతకు తొడిగాడు. ప్రింటరుకూ కార్డుకూ ఒకే నంబరు పడితే, ఒక్క గదిలో దిగిన ఇద్దరు వియ్యపురాళ్ళలా మెషిన్‌ను ఊపిరాడనివ్వవు. ఆ పని ఆయన వేళ్ళు చూడకుండానే చేసేస్తాయి. కార్డు చివర ఇంకో రెండు టోపీలున్నాయి. వాటిని జరిపితే కార్డులోని యాంప్లిఫయరు పక్కకు తప్పుకుంటుంది, దానితోపాటు వచ్చే బుస పోతుంది. చాలా పాత కార్డులకు ఈ వైద్యం తప్పదు. కానీ చెవితో విననిదే ఆయన వాటి జోలికి పోడు.

ఆ బుసను ఆయన పాము అంటాడు. పాట ఆగిన చోట సన్నగా బుస్సుమంటే చాలు, మెషిన్ విప్పేసి అది ఎక్కడ దాక్కుందో పట్టుకునేదాకా అన్నం సహించదు. సందులో పాములాయన అనే పేరు అలా వచ్చింది. ఆయన వదిలేసిన పాము ఒక్కటే. బల్ల మీద పరీక్షకు వాడే పాత స్పీకరు, పాట లేకపోయినా బుసకొడుతూనే ఉంటుంది. దాని లైటు ఎప్పుడో మాడిపోయింది, స్విచ్చేమో వెనక వైపు ఉంటుంది. సాయంత్రం దాన్ని ఆపడం మరిచిపోతే ఆ బుసే గుర్తుచేస్తుంది. అందుకని దాన్ని ఇంటిపాము అని పిలుచుకుంటూ ఉండనిచ్చాడు.

ఆయన జీవితంలో చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. రేడియోలు బాగుచేసే మేస్త్రీ దగ్గర పని నేర్చుకున్నాడు, పెళ్ళయ్యాక బావమరిదితో కలిసి ఈ కొట్టు పెట్టాడు, ఒక కూతుర్ని పెంచి పెద్దచేశాడు. ఆ కూతురు పసిగుడ్డుగా ఉన్నప్పుడు, గోడ అవతల పడుకుని కూడా దాని ఛాతీలో పిల్లికూతలు విన్నది ఆయనే. డాక్టరుకు సైతం రెండోసారి స్టెతస్కోపు పెట్టి చూస్తేగాని దొరకలేదు. ఆ సంగతి ఆయన బయట ఎక్కడా చెప్పుకోడు గాని, లోపల మాత్రం చాలా గర్వం.

"అన్నీ వినపడతాయి ఈయనకి, నా మాట తప్ప," అంటుంది భార్య.

నర్సమ్మ తెచ్చిన స్పీకర్ల జతనే తగిలించి ఆట తెరిచాడు. తుమ్మెదలన్నీ కలిసి బాకా నేర్చుకుంటున్నట్టు పాట మొదలైంది. అది ఆగాక కళ్ళు మూసుకుని విన్నాడు. నిశ్శబ్దం కడిగిన పళ్ళెంలా ఉంది. చివరి టోపీలను ముట్టుకోలేదు.

ఈ మధ్య అన్నీ మంచి కార్డులే తగులుతున్నాయి. పొద్దున ఆ మాటే భార్యతో అన్నాడు. ఆయన ఫ్రిజ్‌కు ఆనుకుని నీళ్ళు తాగుతున్నాడు. ఆవిడ పక్క గదిలోంచి వచ్చి, సరిగ్గా పడని ఫ్రిజ్ తలుపును నెట్టి, ఆయన మొహంలోకి ఒకసారి చూసి వెళ్ళిపోయింది.

బావమరిది సరుకు తేవడానికి వెళ్ళాడు. ముందు గదిలో ఫోన్ కవర్లు, చార్జర్లు అమ్మేది అతనే. కూర్చున్న చోటు నుంచి లేవడానికే బద్ధకిస్తాడు. అలాంటివాడు కొన్నాళ్ళుగా మెషిన్లకు మూతలు తనే బిగిస్తానని మీద పడుతున్నాడు. ఇవాళ కూడా వెళ్తూ, "మూత నేనొచ్చి బిగిస్తా బావా. నువ్వు భోంచెయ్యి," అన్నాడు. వయసు మీద పడ్డాక బుద్ధి వచ్చిందని పాములాయన మురిసిపోయాడు.

సాయంత్రం రావాల్సిన నర్సమ్మ, డ్యూటీ మారిందని మధ్యాహ్నమే వచ్చింది. పాట మొదలవగానే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆగాక కూడా వింటూనే ఉంది.

"అచ్చం ఇదే బాబాయ్ గారూ. ఆ బుస కూడా తియ్యకుండా ఉంచారు చూడండి. మీరు బుస ఉంచరని అందరూ అంటే, ఉంచమని చెప్పాలనుకుని మర్చిపోయాను. మధ్యాహ్నం అమ్మ కునుకు తీస్తుంటే మేం పాట తగ్గించి ఆడేవాళ్ళం. అయినా ఆ బుసకే లేచొచ్చి ఇద్దరికీ చెరొకటి తగిలించేది."

పాములాయన చేతిలో స్క్రూడ్రైవరు ఆగిపోయింది.

"ఇప్పుడు వస్తోందామ్మా?"

"వస్తోందిగా," అని నవ్విందామె, ఆటపట్టిస్తున్నాడనుకుని.

ఆయన స్పీకరు దగ్గరకు తల వంచాడు. ఏమీ లేదు. ఇంకా వంచాడు. ఆయనకు భయం వేసింది. చేతికర్ర లేకుండా మెట్లు దిగేవాడికి, మెట్టు లేదని కాలు గాల్లో ఉండగా తెలిసినట్టయింది.

"కావాలంటే తీసేస్తానమ్మా. క్షణంలో పని."

"వద్దొద్దు. ఇది వింటే అన్నయ్య అక్కడే కూలబడిపోతాడు."

నేను ఉంచింది కాదమ్మా, నాకు వినపడలేదు, అనబోయాడు. ఆమె మొహంలో వెలుగు చూసి మూత చేతిలోకి తీసుకున్నాడు. మూత బిగించి, ఆటో దాకా మోసుకెళ్ళి ఎక్కించి వచ్చాడు.

తిరిగొచ్చి ఇంటిపామును దగ్గరకు లాక్కుని, వెనక స్విచ్చు వేశాడు. చెవి ఆనించాడు. రెండో చెవి ఆనించాడు. ఎన్నో ఏళ్ళుగా పక్కనే ఉన్న మనిషి పలకరింపు మానేసినట్టనిపించింది. ఏడుపు వచ్చింది గాని, ఏడవలేదు.

బావమరిది వచ్చి ఖాళీ బల్ల చూసి, సరుకు సంచి కింద పెట్టకుండానే నిలబడిపోయాడు.

"మూత ఎవరు బిగించారు బావా?"

"నేనే. ఎన్నాళ్ళ నుంచిరా?"

అతను సంచి దించాడు.

"చలికాలం నుంచి. నువ్వు ముందు గదిలో భోంచేస్తున్నప్పుడు ఆ టోపీలు జరిపేవాణ్ణి."

"మీ అక్కకి తెలుసా?"

"అక్కే చెప్పింది. ఫ్రిజ్ తలుపు పడక కూస్తున్నా నీకు వినపడట్లేదంది. ఆయనకి తెలియనివ్వకురా, తట్టుకోలేడంది. చెవికి మెషిన్ పెట్టుకుందాం బావా. ఇప్పుడు మంచివి వస్తున్నాయి."

"పెట్టుకుంటా. మీ అక్క మాట వినాలిగా ఇప్పటికైనా." పాములాయన నవ్వాడు. "ఈ పనికి మాత్రం అది చాలదురా. వినపడకుండా మంచి కార్డని చెప్పలేను. రేపటి నుంచి బల్ల నీది. ఎలాగూ నువ్వే చేస్తున్నావు."

బావమరిది కళ్ళు తుడుచుకుంటూ స్కూటరు బయటికి తియ్యడానికి వెళ్ళాడు.

పాములాయన స్క్రూడ్రైవర్లను వరసగా పేర్చాడు. పెన్సిలు రబ్బరును జేబులో వేసుకుని, మళ్ళీ తీసి బల్ల మీదే పెట్టాడు. కళ్ళజోడు, క్యారేజీ తీసుకుని లైటు ఆర్పాడు. రోజూ చేసినట్టే గుమ్మంలో ఒక్క క్షణం నిలబడి చెవి ఒగ్గాడు. కొట్టంతా నిశ్శబ్దంగా ఉంది. షట్టరు దించి, తాళం ఒకసారి లాగి చూసి, స్కూటరు వెనక కూర్చున్నాడు.

లోపల చీకట్లో, బల్ల మీద, ఇంటిపాము బుసకొడుతూనే ఉంది.