రెండు లవంగాలు

పని ముగించుకుని నాచారం నుంచి ఉప్పల్‌లో ఇంటికి వచ్చే ఆటోలో రోజూ రెండు లవంగాలు నోట్లో వేసుకుని నమిలేదాన్ని. పంటి నొప్పి కాదు, భయం.

మా ఆయన రమేష్ తాగుడు మానేసి పద్నాలుగు నెలలైంది. రెండు వారాలు దవాఖానాలో పడుకున్నాక, మళ్లీ తాగితే బతకవని డాక్టర్ చెబితే మానాడు. అప్పటినుంచి నేను కంటినిండా నిద్రపోయింది లేదు. అలాంటి నాకు దొరికిన ఉద్యోగమేమో వైన్ సీసాలు నింపే యూనిట్‌లో. ఇంట్లో జ్యూస్ కంపెనీ అని చెప్పాను. ద్రాక్షరసమే కదా, అబద్ధమెక్కడుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

మొదట్లో లైటు వెలుగులో సీసాలు చూసి నలకలున్నవి పక్కకు తీసేదాన్ని. ఒకరోజు ఒక సీసా పగిలింది. నేల తుడుస్తూ, "తడిసిన గోనెసంచి వాసనొస్తుంది మేడం," అన్నాను. ల్యాబ్ చూసే విజయశ్రీ మేడం మరో నాలుగు సీసాలు తెరిపించి, బిరడాలు పాడయ్యాయని ఆ సరుకంతా ఆపించింది. మర్నాటి నుంచి సాయంత్రం నాలుగింటికి నన్ను ల్యాబ్‌కు పిలిచి, నా ముందు వైన్ పోసిన గ్లాసులు పెట్టేది.

"మింగొద్దు గౌతమీ. నోరంతా తిప్పి ఉమ్మెయ్. ఏం తెలిసిందో చెప్పు."

నాకు చాలానే తెలిసేది. ముందు నేరేడు పండు, తర్వాత ఎండిన చింతతొక్కు, ఉమ్మేశాక కూడా నాలుక చివర సన్నగా మిరియపు ఘాటు. నాకూ ఒక పని బాగా వచ్చని ముప్పై నాలుగేళ్లకు తెలిసింది. ఆ ఎర్రటి నీళ్లంటే ప్రేమ పుట్టింది. నా సంసారాన్ని ముంచింది ఇలాంటి సీసాలేనని తెలిసీ ప్రేమే.

తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు. నేనేమో నిజంగా కల్లే రుచి చూస్తున్నాను. ఈ వాసన తగిలి ఆయన పాత దాహం లేస్తే? ఆ తలపు వస్తే చాలు, ఆటోలో లవంగాలు ఇంకా గట్టిగా నమిలేదాన్ని.

ఒక గురువారం ఇంటికొచ్చేసరికి రమేష్ పప్పు కలుపుతున్నాడు. పక్కనుంచి వెళ్లబోతుంటే ఆగమన్నాడు.

"లవంగాలెందుకు నమిలినవ్?"

"పన్ను జర నొస్తుంది."

"పదకొండేండ్లు నేను గవే నమిలి నీ దగ్గరికొచ్చిన. నాకే సెప్తున్నవా?"

దాచడం నేను నేర్చుకున్నది ఆయన దగ్గరే. ఆ సంగతే మరిచిన మొద్దును. నేల చూస్తూ అంతా చెప్పేశాను. అరుస్తాడనుకున్నాను. అరిచినా బాగుండేది. ఆయన గంటె పక్కన పెట్టి పొయ్యి ఆర్పాడు.

"ఎట్లుంటది?" అన్నాడు మెల్లగా.

నోరు మూసుకోవాల్సింది. కానీ ఎన్ని నెలలుగా ఎవరికీ చెప్పుకోలేదో! నేరేడు పండన్నాను, చింతతొక్కన్నాను, చేతులు తిప్పుతూ చెప్పుకుపోయాను.

"ఆపు. నోట్ల నీళ్లూరుతున్నయ్." గోడకు ఆనుకుని కూలబడ్డాడు. నుదురంతా చెమట.

"పని మానేస్త," అన్నాను.

"మానకు. నీ మొకం గిట్ల ఎలగంగ నేనెన్నడు సూడలే. కానీ రాంగనే నా దగ్గరికి రాకు. గంటసేపు మెట్ల మీద కూసో. వాసన పొయ్యినంక రా."

అప్పటినుంచి మెట్ల మీద కూర్చుంటున్నాను. మొదటి వారం ఆ గంట నరకం. లోపల చప్పుడు ఆగితే ఆయనకేమైందోనని ప్రాణం పోయేది. రెండో వారానికి నాలుక మీద మిగిలిన రుచిని వెతుక్కుంటూ కూర్చోవడం అలవాటైంది.

నిన్న మేడం అటు తిరిగినప్పుడు ఒక గుక్క ఉమ్మకుండా మింగాను.

మెట్ల మీద గంట దాటి ఇరవై నిమిషాలైనా లేవబుద్ధి కాలేదు. రమేష్ తలుపు తీసి తొంగిచూశాడు. ఆయన కళ్లలోని భయం నాకు కొత్త కాదు. పదకొండేళ్లు అది నా కళ్లలోనే ఉంది.